అంతా మీ అభిమానం

కలంగూడు వాళ్ళు బడులకు పంపే ఫారంలో ఏడో నియమం ఒకటుంది. "పిల్లలు మొదట రాసుకున్న చిత్తుప్రతిని, కొట్టివేతలతో సహా, ఉన్నదున్నట్టు జతచేయాలి." జిల్లాలో చాలామంది టీచర్లు దాన్ని చూసి విసుక్కుంటారు. చిత్తుకాగితాలు ఎవరు దాస్తారండీ, వీళ్ళకేం పనిలేదా అంటారు. తిరుమలగిరి అవతల ఒక హైస్కూల్లో తెలుగు చెప్పే సీతారాములు సారు మాత్రం విసుక్కోడు. ఏటా జులైలో ఫారం వచ్చినప్పుడు ఆ నియమం దగ్గరికి రాగానే ఆయన తల దానంతటదే కిందికి పోతుంది. అది పుట్టిందే ఆయన వల్ల.

సీతారాములు సారుకు రాయడం రాదని ఎవరూ అనలేదు. వచ్చునని కూడా ఎవరూ అనలేదు. ఆయన కష్టమంతా అక్కడే ఉంది. ఇరవై రెండేళ్ళు కథలు రాసి ఆదివారం సంచికలకు పంపాడు. కొన్ని తిరిగొచ్చాయి, కొన్ని తిరిగి కూడా రాలేదు. ఆయన సాహిత్యాన్ని శ్రద్ధగా మోసింది పోస్ట్‌మన్ ఒక్కడే.

ఆయన పుట్టింది నకిరేకల్ పక్క ఊళ్ళో, మగ్గం ఉన్న ఇంట్లో. బాపు గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. చీర దిగగానే షావుకారు మనిషి వచ్చి, తన దుకాణం ముద్ర కొట్టి పట్టుకుపోయేవాడు. ఎవరు నేశారో కట్టుకున్నవాళ్ళకు తెలియదు. బాపు మాత్రం ప్రతి చీరకూ కొసన, మడతలోకి పోయేచోట, ఒకే ఒక్క ఎర్రపోగు వేసేవాడు. "నాకెర్క ఉంటే సాలు గదరా," అనేవాడు. ఆ మాట సీతారాములు మనసులో నాటుకుంది. కాకపోతే దాన్ని ఆయన తప్పుడు పనికి వాడుకున్నాడు.

కలంగూడు అంటే పెద్ద సంస్థ ఏమీ కాదు. నల్లగొండలో ఒక జిరాక్సు షాపు పైన గది కిరాయికి తీసుకుని, రిటైరైన టీచర్లు నలుగురు పెట్టుకున్నది. సర్కారు బడుల్లో పిల్లలు రాసిన కథలను టీచర్ల ద్వారా తెప్పించుకుంటారు. చదివి, ఏరి, టైపు కొట్టించి, ఏడాదికో పుస్తకం అచ్చువేస్తారు. నవంబరు పద్నాలుగు నాటికి పుస్తకాలు బడులకు చేరతాయి. ప్రతి కథ కింద పిల్ల పేరు, తరగతి, దాని కింద చిన్న అక్షరాల్లో సారు పేరు ఉంటాయి. కథతో పాటు సారు ఒక కాగితం మీద సంతకం చేసి పంపాలి. 'ఇది విద్యార్థి సొంత రచన అని ధ్రువీకరిస్తున్నాను' అని ఉంటుంది అందులో.

మొదటి ఏడాది ఆయన పిల్లలవి నాలుగు కథలు పంపితే ఒక్కటీ పడలేదు. రెండో ఏడాది పదో తరగతి శివకృష్ణ అనే పిల్లవాడు వాళ్ళ పొలంలో బోరు ఎండిపోయిన సంగతి నాలుగు ముక్కలు రాసిచ్చాడు. సారు ఆ నాలుగు ముక్కల్ని నాలుగు పేజీలు చేశాడు. "అరుణోదయ కాంతులు పుడమితల్లి నుదుట కుంకుమ దిద్దుతున్న వేళ" అని మొదలుపెట్టాడు. శివకృష్ణ దాన్ని గుండ్రటి అక్షరాలతో ఎత్తి రాశాడు. పుస్తకంలో అదే మొదటి కథ.

అచ్చులో తన వాక్యం చూసుకున్న రోజు ఆయన అన్నం సరిగా తినలేదు, సంతోషంతో. ఇంకేముంది, రుచి మరిగాడు. మూడేళ్ళలో అయిదుగురు పిల్లల పేర్ల మీద అయిదు కథలు వెళ్ళాయి. ప్రతిదాంట్లోనూ ఎక్కడో ఒకచోట 'అరుణోదయం' అనే మాట పెట్టేవాడు. బాపు ఎర్రపోగు లాగా, తనకు తెలిస్తే చాలని. పిల్లలు సాపు చేయగానే చిత్తుకాగితాలన్నీ పోగుచేసి, మధ్యాహ్న భోజనం వండే గుర్వమ్మకు ఇచ్చేవాడు. పొయ్యి రాజేసుకోవడానికి ఆమెకు అక్కరకొచ్చేవి. మన ఇంటి ఆచారమే కదా ఇది, నేసేది ఒకరు ముద్ర ఇంకొకరిది, ఇందులో తప్పేముంది అని తనకు తాను చెప్పుకునేవాడు. బాపు ముద్ర కోసం ఎవరి దగ్గరా అబద్ధపు సంతకం చేయలేదన్న సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు. అక్కరలేనివి మనిషికి గుర్తుకు రావు.

కరోనా వచ్చి రెండేళ్ళు పుస్తకం ఆగింది. మళ్ళీ మొదలైన మరుసటేడు, తొమ్మిదో తరగతిలో ఫర్హానా కథ రాసింది.

ఫర్హానా వాళ్ళ నాన్న యాకూబ్ అంగళ్ళలో గాజులు అమ్ముతాడు. అంతకుముందు వాళ్ళ దాదీ, యాకూబ్ తల్లి జన్నత్ బీ నలభై ఏళ్ళు తాడుకు గుచ్చిన గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగింది. ఇప్పుడు చూపు పోయి మంచం పట్టింది. ఆ దాదీ మీదే కథ. మూడు పేజీలు.

స్టాఫ్ రూములో కూర్చుని సారు ఎర్ర పెన్ను మూత తీసి చదవడం మొదలుపెట్టాడు. 'మా దాదీకి ఊర్ల ఆడోళ్ల ముఖాలు యాదికుండవు, చేతులు యాదికుంటయి' అని ఉంది మొదటి పేరాలోనే. గాజులు తొడగడానికి చేయి పట్టుకుంటే, ఆ ఇంట్లో తిండి ఉన్నదో లేదో దాదీకి తెలిసిపోతుందట. పోయినేడు రెండారు సైజు పట్టిన చేతికి ఈ ఏడు అంతకంటే చిన్నదైన రెండు నాలుగు కూడా వదులైతే, దాదీ ఏమీ అడగదట. రెండు గాజులు ఎక్కువేసి, 'దేవుడు సూస్తడు బిడ్డా' అని లేచి వస్తుందట. చివర దాదీకి జ్వరమొస్తే దవాఖాన నర్సమ్మ వచ్చి నాడి చూడబోతుంది. చూపులేని దాదీ ఆ నర్సమ్మ చేయినే పట్టుకుని నొక్కి, "రెండెనిమిది. నీకు ఫికర్ లేదు," అంటుంది. కథ అక్కడ అయిపోయింది.

సారు ఎర్ర పెన్నుకు మళ్ళీ మూత పెట్టాడు. దాన్ని ఆనించడానికి ఎక్కడా జాగా లేదు. ఎంత సంతోషం కలిగిందో, దాని పక్కనే అంత కుళ్ళూ పుట్టింది. ఇరవై రెండేళ్ళు రాసినా తనకు ఇలాంటి వాక్యం ఒక్కటి తగల్లేదు. ఫర్హానాతో సాపు రాయించాడు, ఒక్క అక్షరం ముట్టుకోలేదు. సంతకం పెట్టాడు. శివకృష్ణ కథ తర్వాత ఆయన నిజంగా పెట్టిన మొదటి సంతకం అదే. తర్వాత అలవాటు కొద్దీ, చిత్తుకాగితాలు తీసుకెళ్ళి గుర్వమ్మకు ఇచ్చాడు. ఆ రోజు బడిలో వంకాయ కూర. ఫర్హానా కొట్టివేతల మీద ఉడికింది.

అక్టోబరులో ఒక పొద్దున కలంగూడు నుంచి రోజారమణి మేడం ఫోన్ చేసింది. ఆమె రిటైరైన హెడ్మాస్టరమ్మ, వచ్చిన కథలన్నీ మొదట చదివేది ఆమే. సారు బడి వరండాలో గంట కింద నిలబడి ఎత్తాడు.

"సీతారాములు గారూ, గాజుల కథ సదివిన. ముప్పై ఏండ్లాయె నేను పిల్లల రాతలు సదవబట్టి. తొమ్మిదో తరగతి పిల్ల రాసేది గాదిది. మీ చెయ్యి నాకెర్క లేదా? ఎన్నడూ ఓ అరుణోదయం పెడుతరు, ఈపారి అది గూడ లేదు. ఎంత సక్కగ రాసిన్రు సార్! 'ముఖాలు యాదికుండవు, చేతులు యాదికుంటయి', గా మాటకాడ నేను సదువుడు ఆపి కూసున్న."

కాదని చెప్పడానికి ఆయనకు నోరు ఉంది. 'అది పిల్ల రాసిందే మేడం' అని నాలుగు మాటలు చాలు. కానీ ఇరవై రెండేళ్ళలో ఆయనతో ఎవరూ అలా అనలేదు. మంచి పాఠకురాలు ఒకామె, తన వాక్యం దగ్గర ఆగి కూర్చున్నానని అంటోంది. ఆ మాట చెవిలో పడగానే ఆయనకు ఒళ్ళంతా వెచ్చబడింది. ఒక్క నిమిషం, ఒక్క నిమిషం ఉండనిద్దాం అనుకున్నాడు.

"అంతా మీ అభిమానం, మేడం," అన్నాడు.

"కనీ పిల్లల పుస్తకంల పెట్టలేను సార్. ఏదో రెండు మాటలు దిద్దుతరు అనుకున్న ఇన్నేండ్లు, సూసీ సూడనట్టున్న. గిది మొత్తం మీదే. పిల్ల పేరు తీసేస్తున్న. ఎవలకు చెప్పను, మీ ఇజ్జత్ మీకుంటది. మీ పేరు మీదనే ఎటన్న పంపుండ్రి."

మేడం ఫోన్ పెట్టేసిన తర్వాత కూడా ఆయన దాన్ని చెవి దగ్గర నుంచి తీయలేదు. తేలు కుట్టిన దొంగ ఏడవలేడు. మధ్యాహ్నం ఫోన్ చేసి చెబుదాం అనుకున్నాడు. సాయంత్రం అనుకున్నాడు. ఇప్పుడు చెబితే, పొద్దున ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. రెండోరోజు చెబితే, నిన్న ఎందుకు చెప్పలేదని అడుగుతుంది. రోజు గడిచేకొద్దీ ఆ ప్రశ్న పెద్దదైంది. అంగన్వాడీ పిల్లలు కూడా ఒప్పుకునే తప్పును యాభై నాలుగేళ్ళ మనిషి ఒప్పుకోలేకపోయాడు.

నవంబరులో పుస్తకాల పార్సిలు వచ్చింది. ఫర్హానా అందరికంటే ముందు ఒక కాపీ అందుకుని విషయసూచిక మీద వేలు పెట్టి పైనుంచి కిందికి చూసింది. మళ్ళీ కిందినుంచి పైకి చూసింది. ఆమె వీధిలో అందరికీ చెప్పుకున్నదని, యాకూబ్ ఆ రోజు అంగడికి పోకుండా ఇంటి దగ్గరే ఉన్నాడని సారుకు తెలుసు.

"సార్, నాది బాగలేదా?"

"బాగనే ఉన్నది బిడ్డా. ఇంకా జర మెరుగు వెట్టాలె."

"ఏడ సార్?"

"అంతటా," అన్నాడు. ఆ మాట అన్న నాలుకను కోసుకోవాలనిపించింది. పిల్ల తల ఊపి, పుస్తకం తీసుకుని పోయింది.

పది రోజుల తర్వాత ఫర్హానా నాలుగు కాగితాలు తెచ్చి ఆయన బల్ల మీద పెట్టింది. "మల్ల రాసిన సార్. అంతటా మెరుగు వెట్టిన."

ఆయన విప్పి చూశాడు. 'అరుణోదయ కాంతులు పుడమితల్లిని ముద్దాడుతున్న శుభవేళ మా దాదీ గాజుల మలారంతో బయలుదేరును' అని మొదలైంది. ముఖాలూ చేతుల వాక్యం లేదు. వదులైన గాజు లేదు. నర్సమ్మ చేయి లేదు. చివర 'కష్టే ఫలి అని మా దాదీ నిరూపించెను' అని ఉంది.

"గిట్లెందుకు రాసినవు?" అని అడిగాడు.

"శివకృష్ణ అన్న రాసిన తీరు రాసిన సార్. మన లైబ్రరీల పుస్తకంల ఉన్నది గదా, బోరు కథ. అన్న కథ బాగుండె గనుకనే మొదలు వేసిన్రు. నాకు గట్ల రాయ రాలే మొదలు. ఇప్పుడు వచ్చింది." ఆ పిల్ల ముఖంలో కష్టపడి నేర్చుకున్న సంతోషం ఉంది.

ఆ తీరు శివకృష్ణది కాదని, తనదేనని సారుకు తెలుసు. తను దాచుకున్న ఎర్రపోగు ఈ పిల్ల మెడకు ఉరితాడైంది. ఇరవై రెండేళ్ళు సంపాదకులు తన కథలను ఎందుకు తిప్పికొట్టారో ఆ నాలుగు కాగితాలు చూశాక మొదటిసారి అర్థమైంది. కాగితాలు పిల్లకు తిరిగిచ్చేశాడు. మర్నాడు సెలవు పెట్టి, నకిరేకల్‌లో బస్సు మారి నల్లగొండ వెళ్ళాడు.

జిరాక్సు షాపు పక్క మెట్లెక్కేసరికి రోజారమణి మేడం ఒక్కతే కూర్చుని అట్టపెట్టెలు కడుతోంది. ఆయన కూర్చోలేదు. నిలబడే చెప్పాడు.

"గాజుల కథ పిల్లే రాసింది మేడం. నేను చుక్క గూడ వెట్టలేదు. అంతకుముందటి అయిదు నేను రాసినయి."

ఆమె కడుతున్న పెట్టె పక్కన పెట్టింది. "మరి నేను ఫోన్ జేసిననాడు ఎందుకు చెప్పలె?"

"మీరు మెచ్చుకున్నరు మేడం. నన్ను గట్ల ఎవలూ మెచ్చుకోలే. ఇడిసిపెట్ట బుద్ధిగాలె."

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండును కూడా. ఆమె బీరువాలోంచి పాత పుస్తకాలు మూడు తీసి, ఆయన ముందే విప్పి, ఏవేవని అడిగి, పెన్సిల్‌తో ఒక్కోదానికి టిక్కు పెట్టింది. అయిదో టిక్కు పెట్టేటప్పటికి ఆయన కళ్ళు నేల చూపులు చూస్తున్నాయి.

"ఆ పిల్ల పేరు తీసేసింది నేనే గదా సార్. ఒక్కపారి పిల్లతోని మాట్లాడనన్న లేదు. తప్పు నాది గూడ," అన్నది. "సాపు ప్రతి నా కాడ పదిలంగ ఉన్నది. వచ్చే పుస్తకంల గదే మొదటి కథ. కనీ మీ సంతకం ఇగ మాకు చెల్లదు. వాళ్ల నాయన సంతకం తెండ్రి."

ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన సంతకం మీద పిల్లల బోనఫైడ్లు నడిచాయి, టీసీలు నడిచాయి. ఒక గాజుల యాకూబ్ సంతకం ముందు అది చిత్తుకాగితమైంది. మేడం ఇచ్చిన గాజుల కథ జిరాక్సు, ఫారం రెండూ ఆయన సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. బస్సులో ఒక నిర్ణయానికొచ్చాడు. మేడంకు చెప్పేసాను, ఇక చాలు. పిల్లకు ఎందుకు చెప్పడం, సంతకం పెట్టించుకుని వచ్చేస్తే కథ పడిపోతుంది, అంతా సర్దుకుంటుంది. చూడండి మనిషి బుద్ధి. సగం స్నానం చేసి వచ్చి ఒళ్ళు శుభ్రమైంది అనుకుంటుంది.

యాకూబ్ ఇంటికి ఆదివారం పొద్దున వెళ్ళాడు. యాకూబ్ వసారాలో కూర్చుని గాజుల్ని సైజుల వారీగా దారాలకు గుచ్చుతున్నాడు. పక్కన మంచం మీద జన్నత్ బీ. ఫర్హానా చాయ్ తెచ్చింది.

"సంతకమేనా సార్, ఇటియ్యండ్రి," అని యాకూబ్ చేతులు తుడుచుకుని పెన్ను తీసుకున్నాడు. అంతలోనే ఆగాడు. "ఏం రాసున్నది సార్ గిండ్ల?"

"మీ బిడ్డ సొంతంగ రాసిందని."

"అయితే బిడ్డ ఏం రాసిందో జర సదివి వినిపియ్యండ్రి. నాకు తెలుగు సదువ రాదు, మదర్సల ఉర్దూ నాలుగు అక్షరాలు నేర్చిన. వినకుంట సంతకం ఎట్ల పెడుదు సార్? రేపు ఎవలన్న అడిగితే నేను జవాబు చెప్పాలె గదా."

సీతారాములు అయిదు దొంగ సంతకాలు పెట్టాడు. అయిదు సార్లూ ఎవరికి జవాబు చెప్పాలనే ఆలోచనే రాలేదు. సంచిలోంచి కథ తీసి చదవడం మొదలుపెట్టాడు. ముఖాలు యాదికుండవు, చేతులు యాదికుంటయి. యాకూబ్ గుచ్చుతున్న గాజుల దారం ఒళ్ళోనే ఉండిపోయింది. వదులైన గాజు దగ్గర జన్నత్ బీ, "అవును, గా పిల్ల ఇప్పుడెట్లున్నదో," అని గొణిగింది. నర్సమ్మ దగ్గర యాకూబ్ నవ్వి, కళ్ళు తుడుచుకున్నాడు. పెన్ను గట్టిగా పట్టుకుని, కుడి నుంచి ఎడమకు, ఉర్దూలో మెల్లగా సంతకం పెట్టాడు.

ఫర్హానా మాత్రం గుంజకు ఆనుకుని నిలబడి, సారునే చూస్తోంది. "సార్, ఇది నా పాతది గదా. బాగలేదంటిరి."

ఆయన ఏదో చెప్పబోయాడు. అప్పుడే జన్నత్ బీ చేయి చాపింది. "బిడ్డ కథ నోరార సదివినవు, సారూ. ఇటు రా," అని తడుముకుంటూ ఆయన చేయి పట్టుకుంది. నలభై ఏళ్ళు చేతులు పట్టుకున్న వేళ్ళు. మణికట్టు మీద నొక్కి ఆమె ఆగిపోయింది.

"గింత వణుకుతాందేంది బిడ్డా? నీకేమన్న ఫికరా?"

ఆ చేయి అక్కడ ఉండగా అబద్ధం చెప్పడం ఆయన వల్ల కాలేదు. చేయి ఆమె చేతిలోనే ఉంచి, పిల్ల వైపు తిరిగాడు.

"బాగున్నది ఫర్హానా. మొదటిసంది బాగున్నది. గది నేను రాసిందనుకొని కలంగూడు మేడం మెచ్చుకున్నది. నేను కాదనలే. గందుకే నీ పేరు పోయింది."

యాకూబ్ ఆయన్నీ, కూతుర్నీ మార్చి మార్చి చూశాడు. ఏమైనా అంటాడేమో అని సారు ఎదురుచూశాడు. బిడ్డకు సారు కదా, అనడానికి యాకూబ్‌కు నోరు రాలేదు. తల వంచుకుని మళ్ళీ దారం అందుకున్నాడు. కొట్టినా అంత తగిలేది కాదు.

"మరి శివకృష్ణ అన్న కథ?" అని అడిగింది ఫర్హానా.

"గదీ నేను రాసిందే."

పిల్ల కోపంగా లేదు. లెక్క తప్పు ఎక్కడ పడిందో దొరికినప్పటి ముఖం పెట్టింది. లోపలికి వెళ్ళి, తన పుస్తకాల సంచి వెతికి, నాలుగు కాగితాలు పట్టుకొచ్చింది. అరుణోదయ కాంతులతో మొదలయ్యే నాలుగు కాగితాలు. అంచులు సరిచేసి, మడిచి, ఎవరి వస్తువు వాళ్ళకు ఇచ్చినట్టు రెండు చేతులతో అందించింది.

"అయితే గిది మీది సార్," అన్నది.